ఎవరి కుడి చెయ్యి?

"నేను పోను," అంది ధనుశ్రీ దుప్పటి లోపలి నుంచి.

తెల్లవారినప్పటి నుంచి ఆమె ఆ మాట అంటూనే ఉంది. మొదట మెల్లగా అంది. తర్వాత గట్టిగా అంది. ఇప్పుడు ముసుగు తన్ని అంటోంది. మేకుకు తగిలించిన ఇస్త్రీ చుడీదార్ మాత్రం ఎప్పుడెప్పుడు బయల్దేరదామా అన్నట్టు ఫ్యాను గాలికి ఊగుతోంది.

"పదకొండు గంటలకి ఇంటర్వ్యూ," అన్నాడు ఆమె అన్న ఈరేశ్, గుమ్మంలో నిలబడి. నీళ్ళ ట్యాంకరు తగిలించిన ట్రాక్టరు మీద తిరుగుతూ సోలార్ పలకలు కడగడం అతని పని. ఈ పూట ఆ పని మానుకుని, చెల్లెల్ని దిగబెట్టడానికి బండి వాకిట్లో ఆపుకున్నాడు. "కంపెనీవాళ్ళు నా మొగం చూసి నిన్ను పిలవలేదు పాపా. నువ్వు చదివిన డిప్లొమా చూసి పిలిచినారు. కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. ఫ్యాను కింద కుర్చీ."

"శనివారం పువ్వు ఎడమకి పడింది గదా."

"పడితే ఏందంట?"

"పడితే ఏందంటావా?" వంటింట్లోంచి తల్లి నాగక్క అందుకుంది. "హనుమంతరాయుడు వద్దన్న పనికి బిడ్డని పంపి, రేపు ఏమన్నా అయితే నువ్వు అడ్డం వస్తావా? ఆ కరెంటు తీగలు చూస్తేనే నాకి భయం."

"అది గూడా నిజమే," అన్నాడు తండ్రి చిన్నరంగప్ప మంచం మీద నుంచి. ఆయన ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ పక్షం. అందుకే ఆ ఇంట్లో చివరి మాట కోసం అంత పోటీ.

కర్ణాటక సరిహద్దు లోపల ఉన్న వాళ్ళ ఊరు తిరుమణిలో, హనుమంతరాయుని గుడిలో శనివారం శనివారం పువ్వు అడుగుతారు. పూజారి ఓబళప్ప తడి చామంతులను స్వామి రెండు భుజాల మీదా అంటిస్తాడు. మనసులో ఉన్నది అడిగి చేతులు కట్టుకుని నిలబడాలి. కుడి పక్క పువ్వు ముందు రాలితే సరేనన్నట్టు, ఎడమ పక్కది రాలితే వద్దన్నట్టు. ధనుశ్రీ ఉద్యోగం సంగతి వచ్చినప్పుడల్లా పువ్వు ఎడమకే రాలింది. బెంగళూరు ఫ్యాక్టరీకి ఎడమ. పావగడ కాంట్రాక్టరు దగ్గర పనికి ఎడమ. మొన్న శనివారం, మేడెక్కి చూస్తే కనిపించేంత దగ్గరున్న సోలార్ కంపెనీకి కూడా ఎడమే. డిప్లొమా సర్టిఫికెట్టు రెండేళ్ళుగా ట్రంకుపెట్టెలో నాగక్క పెళ్ళిచీర కింద నిద్రపోతోంది.

ఇక దుప్పటి కింద ఉన్న మనిషి సంగతి. ధనుశ్రీకి పదిమంది ముందు నోరు పెగలదు. పాలిటెక్నిక్‌లో ఒకసారి సెమినార్ చెప్పమని నిలబెడితే, ట్రాన్స్‌ఫార్మర్ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయి, అదే మాట మళ్ళీ మళ్ళీ అని, చివరికి నమస్కారం పెట్టి కూర్చుంది. క్లాసంతా నవ్వింది. ఇంగ్లీషు రాదు, కన్నడ తడబడుతుంది, తెలుగులో ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఈ లోకంలో లేరు. ఉద్యోగాలు నోరున్నవాళ్ళకే అని ఆమె ఆ రోజే తేల్చుకుంది.

సరిగ్గా ఆ సమయానికి వై.ఎన్.హొసకోట బస్సు దిగి భాగీరథమ్మ వచ్చింది. చిన్నరంగప్పకు అక్క. ఆమె ఎక్కడికి పోయినా ముందు గొంతు పోతుంది, వెనక మనిషి పోతుంది.

"ఉద్యోగానికి పోయే మేనకోడల్ని చూస్తామని పొద్దున్నే లేసి వస్తే, నాకి దుప్పటి చూపిస్తాండారేందప్పా?"

నాగక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి సంగతంతా చెప్పింది. "ఏం చేస్తాం వదినా, రాత. మళ్ళీ ఎడమకే పడె."

భాగీరథమ్మ తమలపాకు ఈనె తీస్తూ ఆగింది.

"ఎడమంటే ఎవురి ఎడమ?"

"ఎవురి ఎడమ ఏంది? ఎడమంటే ఎడమే." నాగక్క తన ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. "ఇదిగో, ఈ పక్క."

"అది నీ ఎడమ. నువ్వు స్వామికి ఎదురుగా గదా నిలబడుకునేది? నీ ఎడమ పక్క ఆయప్పకి ఏమవుతాది?"

నాగక్క చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దుప్పటి కింద కదలిక ఆగింది.

"రంగా, లెయ్," అంది భాగీరథమ్మ తమ్ముడితో. "ఆ గోడకి ఆనుకోని నిలబడుకో. నువ్వే హనుమంతరాయుడు."

చిన్నరంగప్ప లేచి నిలబడ్డాడు. ఆయనకు ఇంట్లో ఇంత మర్యాద దొరికి చాలా కాలమైంది. భాగీరథమ్మ రెండు తమలపాకులు తడిపి ఆయన రెండు భుజాల మీదా అంటించింది.

"స్వామి మొగం పక్కకి తిరిగి ఉంటాది గదక్కా," అన్నాడు హనుమంతరాయుడు సందేహంగా.

"దేవుడు మాట్లాడకూడదు. కుడి చెయ్యి ఎత్తు."

ఎత్తాడు. నాగక్క ఎదురుగా వచ్చి నిలబడింది. మొగుడి చెయ్యి చూసింది, తన చెయ్యి చూసుకుంది, మళ్ళీ మొగుడి చెయ్యి చూసింది. ఆ ఎత్తిన చెయ్యి ఆమెకు ఎడమ పక్కనే ఉంది.

"మా నిడుగల్లులో మన చెయ్యే లెక్క," అంది చివరికి. పుట్టింటి మీద పెట్టేసింది గానీ గొంతులో మునుపటి పట్టు లేదు.

"మా హొసకోటలో దేవుని చెయ్యి లెక్క."

"ఈ ఊళ్ళో ఎవురి చెయ్యి?" అన్నాడు ఈరేశ్.

ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో పువ్వు అడిగేది నాగక్క, చూసేది నాగక్క, వచ్చి చెప్పేది నాగక్క. మిగతావాళ్ళు వినేవాళ్ళు.

ఈరేశ్‌కు ఏదో తట్టింది. "అయితే బోరు?"

చేన్లో బోరు వేయించే ముందు పువ్వు కుడికి రాలిందని నాగక్క వీధంతా బెల్లం పంచింది. తర్వాత బోరు బండి రెండు రోజులు మోగి దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ తర్వాతే ఆ చేను సోలార్ వాళ్ళకు గుత్తకు పోయింది.

"నేను అప్పుడే అనుకొంటి," అన్నాడు చిన్నరంగప్ప, భుజాల మీద ఆకులతోనే. ఆయన అప్పుడు ఏమీ అనుకోలేదు.

వంటింటి గుమ్మంలో ఈరేశ్ భార్య శిల్పశ్రీ నిలబడి ఉంది. సంగటి కెలికే కట్టె చేతిలోనే ఉంది. అంతసేపూ నవ్వు ఆపుకుంటూ విన్నది, ఇప్పుడు నవ్వడం మానేసింది.

"అత్తా, మా పెండ్లికి ముందు గూడా పువ్వు అడిగినారు గదా. ఏ పక్కకి పడింది?"

కోడలి సంగతి అడిగీ అడగక ముందే కుడి పక్క పువ్వు టపీమని రాలిందని నాగక్క మూడేళ్ళుగా బావి దగ్గరా బస్టాండులోనూ చెబుతూనే ఉంది.

"కుడి," అంది ఆఖరికి. "మన కుడి."

"అంటే దేవుడు నన్ను వద్దన్నాడు."

శిల్పశ్రీ సంగటి కట్టెను మెల్లగా కింద పెట్టింది. విసిరి కొట్టి ఉంటే ఇంట్లో అందరికీ కాస్త ధైర్యంగా ఉండేది.

"అట్ల గాదు శిల్పా," అన్నాడు ఈరేశ్.

"ఎట్ల మరి?"

ఈరేశ్ ట్రాక్టరు వైపు చూశాడు. ట్రాక్టరు కూడా ఏమీ చెప్పలేదు.

"పూజారప్పనే అడుగుదాం పదండి," అంది భాగీరథమ్మ. "పాపా, నువ్వు గూడా లెయ్. గుడికే గదా. ఆ నైటీతో వస్తావా ఏంది? మేకుకున్నది తొడుక్కో."

ధనుశ్రీ లేచి తొడుక్కుంది. గుడికే కదా అనుకుంది. జడ కూడా వేసుకుంది. ఆమె జడ వేసుకుంటున్నప్పుడు ఈరేశ్ చప్పుడు లేకుండా ట్రంకుపెట్టె తెరిచి, పెళ్ళిచీర కింది నుంచి సర్టిఫికెట్ల కవరు లాగి చొక్కాలో దోపుకున్నాడు.

ఓబళప్ప గుడి మెట్ల మీద కూర్చుని హారతి పళ్ళెం తోముతున్నాడు. ట్రాక్టరు వెనక ఇంటిల్లిపాదీ వరుసగా వస్తుంటే ఎవరికో ఏదో అయిందనుకుని లేచి నిలబడ్డాడు.

"పూజారప్పా, పువ్వు విషయంలో కుడి అంటే ఎవురి కుడి?" అంది భాగీరథమ్మ, చెప్పులు కూడా విడవకుండా.

"స్వామి కుడి," అన్నాడు ఓబళప్ప. అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూశాడు. "అడిగేది మనం, చెప్పేది ఆయన. చెప్పేవాని చెయ్యే గదమ్మా లెక్క."

"మొగం పక్కకి ఉంటే?" అన్నాడు చిన్నరంగప్ప. ఆయన భుజం మీద ఒక ఆకు ఇంకా ఉంది.

"మొగం యాటికి తిప్పుకున్నా చెయ్యి మారదు గదప్పా."

నాగక్క స్తంభం పట్టుకుని కూలబడింది. "మరి నాకి ఏమిటికి చెప్పలేదు? ఈ రెండేండ్లు నేను ఏడ్చుకుంటా పోతాంటే చూస్తా ఉంటివే."

"చూస్తి," అన్నాడు ఓబళప్ప నిజాయితీగా. "పువ్వు మంచిగా పడుతుంది, నువ్వు కండ్లు తుడుచుకుంటా పోతావు. బిడ్డని దూరం పంపేది ఈయమ్మకి ఇష్టం లేదేమో, స్వామి సరే అనేసరికి దుఃఖం వచ్చిందేమో అనుకొంటి. ఒగరి ఇంటి దుఃఖం నాకేల అని ఊరకుంటి."

భాగీరథమ్మ అప్పుడు చెప్పులు విడిచింది.

ధనుశ్రీ మాత్రం వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. బెంగళూరుకు సరే అన్నాడు. పావగడకు సరే అన్నాడు. ఈ రోజుకూ సరే అన్నాడు. సంతోషం రావాలి. రాలేదు. వచ్చింది భయం, అచ్చమైన భయం. పువ్వు ఎడమకు రాలిన ప్రతిసారీ ఇంట్లో అందరూ అయ్యో అంటుంటే తాను తల దించుకుని కూర్చున్నది బాధతో కాదు. లోపల ఎవరో తలమీది గంప దించినట్టు హాయిగా ఉండేది. నేను చేతకానిదాన్ని అని తాను చెప్పుకోనక్కర్లేదు, ఆ మాట దేవుడు చెప్పేవాడు. ఇప్పుడు ఆ దేవుడు మధ్యలోంచి పక్కకు తప్పుకున్నాడు.

"ఇంగోసారి అడుగుదాం," అంది.

"సోమవారం అడగరమ్మా."

"ఏం, సోమవారం సెలవా ఆయప్పకి?" అంది భాగీరథమ్మ.

ఓబళప్ప గొణుక్కుంటూ లోపలికి పోయి రెండు చామంతులు తడిపి స్వామి భుజాల మీద అంటించాడు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పువ్వు రాలలేదు.

నాగక్క పెదవులు కదులుతున్నాయి. ఈరేశ్ ఫోనులో టైము చూసి ధనుశ్రీని చూశాడు, మళ్ళీ టైము చూశాడు. ఒక ఈగ కుడి పువ్వు మీద వాలింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఈగ వెళ్ళిపోయింది.

"పదిన్నర దాటింది పాపా."

"పడనీ అన్నా."

రెండు పువ్వులూ అంటించిన చోటే ఉన్నాయి. ధనుశ్రీ వాటినే చూస్తోంది. తాను ఏ పక్క రాలాలని కోరుకుంటోందో వెతుక్కుంటే ఏ పక్కా దొరకలేదు. అసలు రాలకుండా ఉంటే బాగుండని చూస్తోంది. పదకొండు దాటితే చాలు. పువ్వు పడలేదు, ఏం చేసేది అని ఇంటికి పోయి ఆ దుప్పటి కిందనే పడుకోవచ్చు. ఆ ఆలోచన తనదేనని గుర్తుపట్టగానే ఆమెకు సిగ్గేసింది. దేవుడి ముందు నిలబడి దేవుడినే సాకుగా వాడుకుంటున్నందుకు మొహం వేడెక్కింది.

అంతవరకు దూరంగా స్తంభం పక్కన నిలబడిన శిల్పశ్రీ ముందుకు వచ్చింది.

"ఏమప్పా," అని పిలిచింది మొగుణ్ణి, అందరి ముందూ. "మన కాపురం బాగుండాదా లేదా?"

"బాగుండాది," అన్నాడు ఈరేశ్, క్షణం ఆలస్యం చేయకుండా. అతని జీవితంలో అంత త్వరగా ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు.

"చూస్తివా పాపా?" శిల్పశ్రీ ఆడపడుచు వైపు తిరిగింది. "దేవుడు వద్దన్న కాపురం నేను మూడేండ్లుగా చేస్తాండా. నువ్వు ఆయన రమ్మన్న ఉద్యోగానికి పోయేకి ఏడుస్తాండావు. నాకే లేని భయం నీకేంది?"

"నాకి మాట్లాడేకి రాదు వదినా."

"పొద్దున్నుంచి నేను పోను, నేను పోను అని ఇంటిల్లిపాదిని నిలబెట్టింది ఎవురు? అది మాట గాదా?"

నాగక్క పువ్వు మీది నుంచి కళ్ళు తీయకుండానే ముక్కు చీదింది. ఆ కోడలు మూడేళ్ళలో తనకు ఇంత నచ్చడం అదే మొదటిసారి. పువ్వు ఏ చేతిదైతేనేం అనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

ధనుశ్రీ స్వామికి దండం పెట్టింది. "పడినప్పుడు పడనీ. పోదాం అన్నా," అంది.

ఆ మాట అన్నది తానేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అనుమానం తీరేలోపల ఈరేశ్ ట్రాక్టరు స్టార్ట్ చేశాడు.

నాగక్కా శిల్పశ్రీ పువ్వు దగ్గరే కాపలా ఉన్నారు. చిన్నరంగప్ప వాళ్ళకు తోడు ఉన్నాడు. భాగీరథమ్మ మాత్రం ఎవరూ పిలవకపోయినా చీర ఎగదోపుకుని ట్రాక్టరు మడ్‌గార్డు మీదికి ఎక్కింది. రెండో పక్క ధనుశ్రీ. వెనక ట్యాంకరులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

రోడ్డుకు రెండు వైపులా కనుచూపు మేర నల్ల పలకలు ఎండకు మొహం పెట్టి ఉన్నాయి. ఎక్కడో వాటి మధ్యన వాళ్ళ చేను కూడా ఉంది. చిన్నప్పుడు తాను వేరుశనగ పీకుతూ పాము కనిపిస్తే అరిచి ఊరంతా పోగు చేసిన చేను. అప్పుడు నోరు బాగానే పెగిలింది కదా అనుకుంది ధనుశ్రీ. కొంచెం నవ్వొచ్చింది.

కంపెనీ ఆఫీసు అంటే కంచె పక్కనే రేకుల గది. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మారెప్ప కాగితం చూసి ఆమెను లోపలికి పంపాడు, భాగీరథమ్మను పంపలేదు. పంపనందుకు ఆయన తన వంశవృక్షం గురించి చాలా సంగతులు వినాల్సి వచ్చింది.

లోపల ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. ధనుశ్రీ పేరు పిలిచేటప్పటికి, గేటు దగ్గర ఈరేశ్ చొక్కాలోంచి తీసిచ్చిన సర్టిఫికెట్ల కవరు ఆమె చేతుల్లో నలిగిపోయింది. అక్కడ ఒక మేడం, పక్కన ఇద్దరు మగవాళ్ళు. అన్ని ఊళ్ళకూ కరెంటు పంపే ఆ చోట ఆ గదికి మాత్రం పొద్దుట్నుంచి కరెంటు లేదు. ఫ్యాను ఆగి ఉంది. కంచె వైపు కిటికీ బార్లా తెరిచి ఉంది.

మేడం కాగితాలు తిరగేసి కన్నడంలో అడిగింది. "మార్కులు బాగున్నాయి. డిప్లొమా అయిపోయి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

ఈ ఒక్క ప్రశ్న వస్తుందని ధనుశ్రీకి రెండేళ్ళుగా తెలుసు. ఇంట్లో ఆరోగ్యం బాగాలేదని చెప్పాలనుకుంది. అమ్మకు సాయంగా ఉన్నానని చెప్పాలనుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట ఎక్కడి నుంచో నాలుక చివరకు వచ్చి కూర్చుంది.

"భయపడినాను, మేడం," అంది. కన్నడం తడబడింది, కానీ ఆగలేదు. "మాట్లాడలేనని భయపడి ఇంట్లోనే కూర్చున్నాను. దేవుడు వద్దన్నాడని చెప్పుకున్నాను. దేవుడు వద్దనలేదు."

మగవాళ్ళలో ఒకాయన తల ఎత్తాడు. మేడం పెన్ను కింద పెట్టింది.

"మరి ఈ రోజు దేవుడు ఏమన్నాడు?"

సరిగ్గా అప్పుడు కంచె అవతల ఈరేశ్ ఫోను మోగింది. అతను ఏదో అన్నాడు. ఆ వెంటనే భాగీరథమ్మ గొంతు కంచె దాటి, మారెప్పను దాటి, కిటికీలోంచి నేరుగా గదిలోకి వచ్చింది.

"పాపా, పడిందంట. పువ్వు పడిందంట. మీ వదిన ఫోను. ఏ పక్కకి పడిందో తెలుసునా..."

ధనుశ్రీ కుర్చీలోంచి లేచింది. కిటికీ దగ్గరకు పోయింది. కంచె అవతల అత్త రెండు చేతులూ ఎత్తి ఏదో చూపించబోతోంది.

ధనుశ్రీ కిటికీ తలుపు దగ్గరకు లాగి గడియ పెట్టింది. గదిలో ఉక్క పెరిగింది. వచ్చి కూర్చుని, కవరు ఒళ్ళో పెట్టుకుని, మేడం వైపు తిన్నగా చూసింది.

"ఇంకా తెలీదు మేడం," అంది. "మీరు అడగండి."